స్పీడ్‌మాస్టర్ మూన్‌వాచ్: పాత 1861 మేలా, కొత్త 3861 మేలా?

ప్రశ్న:

ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ (చంద్రుడి మీదికి వెళ్ళిన గడియారం కాబట్టి మూన్‌వాచ్ అంటారు) కొనాలని గట్టిగా అనుకున్నాను. రెండిటి దగ్గర ఆగిపోయాను. ఒకటి వాడిన 311.30.42.30.01.005 మోడల్, లోపల కేలిబర్ (మెషిన్ రకం) 1861, హెసలైట్ (ప్లాస్టిక్) అద్దం, పెట్టె, కార్డు అన్నీ ఉన్నాయి. రెండోది 2021లో వచ్చిన 310.30.42.50.01.001, కేలిబర్ 3861, అదీ హెసలైటే. నా మణికట్టు చుట్టుకొలత 16.5 సెంటీమీటర్లు. రోజూ పెట్టుకుంటాను, పగలంతా ల్యాప్‌టాప్ ముందే పని. కొన్నాక అమ్మే ఉద్దేశం లేదు. "అసలు మూన్‌వాచ్ పాతదే, కొత్తది మార్చేసిన సరుకు" అని చాలామంది అంటున్నారు. ఆ మాటలో నిజమెంత? సర్వీసింగ్, చేతికి అమరిక, టైమ్ నిలకడ, ఈ మూడిట్లో తేడా ఏమిటో తెలిసినవాళ్ళు చెప్పగలరా?

జవాబు 1:

ముందు ఆ "అసలు" సంగతి తేల్చుకుందాం. 1969 జులైలో చంద్రుడి మీదికి వెళ్ళిన స్పీడ్‌మాస్టర్లలో ఉన్నది కేలిబర్ 321. దాని స్థానంలో 861 వచ్చింది 1968లో. 321లో క్రోనోగ్రాఫ్‌ని (స్టాప్‌వాచ్ భాగాన్ని) నడిపేది కాలమ్ వీల్ అనే స్తంభాల చక్రం, 861లో కామ్ అనే వంపుల పలక. మీరు చూస్తున్న 1861 ఆ 861 వారసురాలే, 3861 కూడా అదే వంశం. అంటే మెషిన్ పరంగా చూస్తే ఈ రెండిట్లో ఏదీ చంద్రుడి మీది గడియారం కాదు.

పైరూపం చూస్తే కొత్తదే పాతదానికి దగ్గర. 1960ల గడియారాల్లో బెజెల్ (అద్దం చుట్టూ ఉండే అంకెల వలయం) మీద 90 అంకెకు చుక్క సరిగ్గా పైన ఉండేది. 1861 గడియారాల్లో అది అంకె పక్కన ఉంటుంది. 3861లో మళ్ళీ పైకి ఎక్కింది. డయల్ అంచు ఒక మెట్టు కిందికి దిగడం కూడా ఆ పాత డయళ్ళ తీరే.

ఇంకో చిన్న విషయం, భూతద్దం పట్టి చూడదగ్గది. రెండు మెషిన్లూ గంటకు 21,600 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకు ఆరు. 1861 డయల్ మీద మాత్రం ఒక్కో సెకను ఐదు భాగాలు. అందుకే స్టాప్‌వాచ్ ఆపినప్పుడు ముల్లు చాలాసార్లు గీతల మధ్యన ఎక్కడో ఆగుతుంది. కొత్త డయల్‌లో సెకను మూడు భాగాలు, రెండు కొట్టులకు ఒక గీత. లెక్క కుదిరింది. నాకైతే ఈ ఒక్క మార్పు చాలు, దీన్ని తీర్చిదిద్దినవాళ్ళు శ్రద్ధగా పనిచేశారని నమ్మడానికి.

జవాబు 2:

రిపేరు బల్ల వైపునుంచి చెప్తాను.

1861లో మామూలు లీవర్ ఎస్కేప్‌మెంట్ (శక్తిని కొద్దికొద్దిగా వదిలే భాగం), లోహపు హెయిర్‌స్ప్రింగ్ (బ్యాలెన్స్ చక్రాన్ని ఊగించే సన్నటి స్ప్రింగ్), వేగం సరిచేయడానికి రెగ్యులేటర్. వెనక మూత తీసి, టైమింగ్ మెషిన్ మీద పెట్టి, రేటు కొద్ది నిమిషాల్లో సరిచేయవచ్చు. ఈ కుటుంబం దశాబ్దాలుగా నడుస్తోంది కాబట్టి క్రోనోగ్రాఫ్ పని వచ్చిన చేతికి ఇది కొత్త కాదు. అలాగని విడిభాగాలు అందరికీ దొరకవు. కంపెనీ గుర్తింపు ఉన్న వర్క్‌షాపులకే ఇస్తుంది, కొనేముందే ఎవరిచేత చేయిస్తారో చూసుకోండి.

3861లో కో-యాక్సియల్ (రాపిడి తక్కువగా ఉండే) ఎస్కేప్‌మెంట్, సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్. దీనికి రెగ్యులేటర్ లేదు, బ్యాలెన్స్ చక్రం మీది బరువుల్ని ప్రత్యేక పనిముట్టుతో తిప్పి సరిచేయాలి. సిలికాన్ స్ప్రింగ్ చిమటాతో వంచి దిద్దేది కాదు, విరిగితే మార్చడమే. ఎస్కేప్‌మెంట్‌కి నూనె ఎక్కడ, ఎంత పెట్టాలన్నది విడిగా నేర్చుకున్నవారికే తెలుస్తుంది. అందుకే సర్వీసింగ్ దాదాపు కంపెనీ చేతుల్లోనే ఉంటుంది. అది ఇష్టం లేనివారికి 1861 హాయి.

ఇక మీ ల్యాప్‌టాప్ సంగతి. ల్యాప్‌టాప్ మూతల్లో, ట్యాబ్లెట్ కవర్లలో, స్పీకర్లలో అయస్కాంతాలుంటాయి. లోహపు హెయిర్‌స్ప్రింగ్‌కి అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. పనిచేసే పొడవు తగ్గి గడియారం రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది. డీమాగ్నెటైజర్ మీద పెడితే చాలాసార్లు క్షణాల్లో పోతుంది, భయపడాల్సిన రోగం కాదు. పైగా హెసలైట్ 1861లో మెషిన్ మీద ఇనుప లోపలి మూత కొంత కాపాడుతుంది. అద్దం వెనక మూత ఉన్న రకంలో అది లేదు. 3861కి ఈ బెడద లేనట్టే, 15,000 గాస్‌ల (అయస్కాంత శక్తి కొలమానం) దాకా తట్టుకుంటుంది. మాస్టర్ క్రోనోమీటర్ అనే నిలకడ పరీక్ష ప్రకారం అది రోజుకు 0 నుంచి +5 సెకన్ల మధ్య నడవాలి. 1861కి అలాంటి సర్టిఫికెట్ లేదు. బాగా సరిచేస్తే రోజుకు కొద్ది సెకన్లలోనే ఉంటుంది, కానీ ఆ సరిచేయడం ఎవరో ఒకరు చేయాలి.

క్రౌన్ (కీ ఇచ్చే పక్క బొత్తం) లాగితే 3861లో సెకన్ల ముల్లు ఆగుతుంది, 1861లో ఆగదు. పాతదానిలో సెకన్ల ముల్లు 60 దాటుతున్నప్పుడు నిమిషాల ముల్లును గీత మీద పెట్టడమే పద్ధతి. పూర్తిగా కీ ఇస్తే 1861 నడిచేది 48 గంటలు, 3861 నడిచేది 50. ఆ తేడాని పట్టించుకోకండి. ఏదైనా రోజూ పొద్దున ఒకే వేళకు, ముందుకు తిరగని దాకా కీ ఇవ్వండి, అంతకుమించి బలవంతం వద్దు.

జవాబు 3:

16.5 సెంటీమీటర్లంటే అసలు తేడా తెలిసేది బ్రేస్‌లెట్ దగ్గర. రెండు కేసులూ 42 మిల్లీమీటర్లే, కొమ్ముల (పట్టీ బిగించే కాళ్ళ) మధ్య వెడల్పు రెండిటికీ 20. పాత బ్రేస్‌లెట్ క్లాస్ప్ (బిగింపు) దగ్గరికి వచ్చేసరికి 18కి మాత్రమే తగ్గుతుంది. కొత్తది 15 దాకా సన్నబడుతుంది, లింకులూ పొట్టివి. చిన్న మణికట్టు మీద పాతది పట్టీలా వెడల్పుగా కూర్చుంటుంది, కొత్తది చేతి వంపుతో పాటు ఒదుగుతుంది. పాతది తీసుకుంటే బ్రేస్‌లెట్ పక్కన పెట్టి తోలు పట్టీ వేసి చూడండి, గడియారం ఇంకోలా కనిపిస్తుంది.

అద్దం విషయంలో మీ ఎంపిక నాకు నచ్చింది. హెసలైట్‌కి గీతలు తొందరగా పడతాయి, కానీ ప్లాస్టిక్ పాలిష్ ఒక చుక్క వేసి మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దితే చిన్న గీతలు నిమిషాల్లో మాయం. సఫైర్ (గట్టి స్ఫటికం) అద్దానికి దాదాపు గీత పడదు, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది, అంచున పాలలాంటి తెల్లటి వలయం కూడా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండీ. బ్రేస్‌లెట్ సంగతి అస్సలు ఆలోచించలేదు. పాతది చూడటానికి వెళ్తే అక్కడికక్కడే ఏమేం పరీక్షించాలి?

జవాబు 2 రాసినవారు:

మీరు చెప్పిన వాడకానికి నా ఓటు 3861కే. ఎదురుగా ఉన్న 1861 నిజంగా బాగుంటే మాత్రం వదులుకోమనను. అది తేల్చుకోవడానికి ఇలా చూడండి.

పూర్తిగా కీ ఇచ్చి స్టాప్‌వాచ్ మొదలుపెట్టండి. నొక్కగానే పెద్ద ముల్లు కాస్త తుళ్ళితే అది పక్కనుంచి పళ్ళు కలుసుకునే క్లచ్ లక్షణం, లోపం కాదు. ప్రతి 60 సెకన్లకూ నిమిషాల చిన్న ముల్లు తడబడకుండా ఒక గీత దాటాలి. ఆపి రీసెట్ చేస్తే మూడు ముళ్ళూ సున్నా మీదికే రావాలి. ఒకటి పక్కకు ఆగితే ముల్లు వదులైందనో, ఎవరో తప్పుగా బిగించారనో అర్థం. తర్వాత స్టాప్‌వాచ్ ఆపి ఉంచి కొన్ని గంటలు గమనించండి. గంటల చిన్న ముల్లు తనంతట తానే కదులుతుంటే జాగ్రత్త. అది బ్యారెల్ (మెయిన్‌స్ప్రింగ్ ఉండే డబ్బా) నుంచి రాపిడి పట్టు మీద నడుస్తుంది. ఆపి ఉంచాల్సిన లీవరు సరిగా పట్టకపోతే ఇలా పాకుతుంది, అంటే సర్వీసింగ్ ఖర్చు కలుపుకోవాల్సిందే.

టైమింగ్ మెషిన్ దొరికితే 1861కి లిఫ్ట్ యాంగిల్ (ఆంప్లిట్యూడ్ లెక్కించడానికి ఇచ్చే కోణం) 50 డిగ్రీలు పెట్టండి. అదే 50తో కో-యాక్సియల్‌ని కొలిస్తే ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) తప్పు చూపిస్తుంది. నిండుగా కీ ఇచ్చి, పడుకోబెట్టిన స్థితిలో ఆంప్లిట్యూడ్ 270 డిగ్రీలు దాటితే సంతోషం. క్రోనోగ్రాఫ్ నడిపినప్పుడు కొంత తగ్గడం సహజం. విపరీతంగా పడిపోతే లోపల నూనె ఎండినట్టే.

మూత తీసినప్పుడు ఒక ప్లాస్టిక్ బ్రేక్ కనబడితే కంగారు పడకండి. అది డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్, కంపెనీ పెట్టిందే, నూనె లేకుండా బాగా పనిచేస్తుంది. కొమ్ము వెనక చెక్కిన సీరియల్ నంబరు కార్డు మీద ఉన్నదానితో సరిపోవాలి. చివరగా, అద్దం నడిమధ్యన లోపలివైపు అతి చిన్న ఒమేగా గుర్తు ఉంటుంది. భూతద్దంతో, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటేనే కనిపిస్తుంది. అది లేకపోతే అద్దం బయటిది వేశారన్నమాట. గడియారం నకిలీ అని దీన్నిబట్టే తీర్మానించనక్కర్లేదు, అద్దం మార్చినప్పుడు ఇంకేం ముట్టుకున్నారో అమ్మేవారిని అడగండి, సర్వీసు బిల్లు చూపించమనండి.