రీషి సారం, కొవ్వు దాణా చుంచెలుకలు: కంట్రోలు, డోసు ఎలా?

ప్రశ్న
సి57బిఎల్/6జె (ప్రయోగశాలల్లో వాడే జాతి) మగ చుంచెలుకలకు 60% కేలరీలు కొవ్వు నుంచే వచ్చే దాణా (డి12492) 12 వారాలు పెట్టి, రోజూ గొట్టంతో రీషి (ఔషధ పుట్టగొడుగు) పాలీశాకరైడ్ (పొడవాటి చక్కెర గొలుసుల) సారం ఇవ్వాలని ప్లాను. పోల్చడానికి పెట్టే కంట్రోలు గుంపుకి మామూలు చౌ (ధాన్యాలతో చేసే ఎలుకల దాణా). సారానికి గింజల మీద పెంచిన మైసీలియం (పుట్టగొడుగు వేరులాంటి దారాల) పొడి సరిపోతుందా? కిలోకి 100 మి.గ్రా. ఇస్తే మనిషి లెక్కలో ఎంత?

జవాబు 1
ముందు చౌ మానేయండి. అందులో పీచు చాలా ఎక్కువ, ఆ పీచే పేగు బ్యాక్టీరియాను మార్చేస్తుంది. అప్పుడు మీకు కనిపించే తేడా కొవ్వుదా, పీచుదా? కొవ్వు తక్కువుండే డి12450జె దాణా పెట్టండి, చక్కెర డి12492తో సరిపోతుంది. సారం కలిపిన నీళ్లు కాకుండా ఉత్త నీళ్లు గొట్టంతో ఇచ్చే గుంపు కూడా ఉండాలి, ఎందుకంటే గొట్టం ఒత్తిడికే బరువు తగ్గుతుంది. రోజూ తిన్న దాణా తూచండి. తిండి తగ్గి బరువు తగ్గితే అది రీషి గొప్పతనం కాదు.

జవాబు 2
గింజల పొడి వద్దు. అందులో సగం సంగతి పిండిపదార్థమే. ఫినాల్-సల్ఫ్యూరిక్ పరీక్ష (490 నానోమీటర్లు) చక్కెరలన్నిటినీ లెక్కేస్తుంది, పిండిని కూడా. డబ్బా మీద "పాలీశాకరైడ్ ఇంత శాతం" అన్న మాటకు అందుకే విలువ లేదు. ఒక చుక్క అయోడిన్ వేయండి, నీలం తిరిగితే తెలిసిపోతుంది. ఫలకాయం (అసలు పుట్టగొడుగు) తీసుకోండి, లేదా ద్రవ మాధ్యమంలో పెంచిన మైసీలియం.

పొడి ఒక వంతు, నీళ్లు 20 వంతులు, 90-95 డిగ్రీల దగ్గర రెండు గంటలు, రెండుసార్లు. వడగట్టి పదో వంతుకు ఇంకించాక, నాలుగు రెట్ల 95% ఇథనాల్ కలుపుతూ పోయండి. ఒక్కసారిగా పోస్తే ముద్ద కట్టి ప్రోటీన్ లోపలే ఇరుక్కుంటుంది. రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచి, సెంట్రిఫ్యూజ్, ప్రోటీన్ తొలగింపు, డయాలిసిస్ (పొర గుండా చిన్న అణువులను వదిలించడం). రీషిలోని మరో రకం పదార్థాలు, చేదు ట్రైటెర్పీన్లు, ఇథనాల్‌లోనే ఉండిపోతాయి. వాటి ప్రభావం కావాలంటే అది వేరే సారం, వేరే ప్రయోగం. బీటా-గ్లూకాన్‌ను (పుట్టగొడుగు పాలీశాకరైడ్, పిండి కాదు) ఎంజైమ్ కిట్‌తో కొలవండి.

జవాబు 3
డోసు: చుంచెలుక నుంచి మనిషికి 12.3తో భాగించాలి. 100ని భాగిస్తే కిలోకి 8.1 మి.గ్రా., 60 కిలోల మనిషికి సుమారు 490 మి.గ్రా. ఇది శుద్ధి చేసిన సారం లెక్క, ఉత్త పొడి లెక్క కాదు.

అందరూ పడే గుంట పంజరం. చుంచెలుకలు మలం తింటాయి, కాబట్టి ఒకే పంజరంలోని వాటి బ్యాక్టీరియా కలిసిపోతుంది. ఒక్కో గుంపులోని పది ఎలుకలను రెండే పంజరాల్లో పెడితే మీ ఎన్ (లెక్కలోకి వచ్చే నమూనాల సంఖ్య) 10 కాదు, 2. కనీసం నాలుగైదు పంజరాలకు పంచండి. 2015లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన రీషి పని చూడండి: అణుభారం 300 కిలోడాల్టన్లు దాటిన పాలీశాకరైడ్లే పనిచేశాయి, సారం తిన్న చుంచెలుకల మలం మార్పిడి చేసినా ఊబకాయం తగ్గింది. కాబట్టి డయాలిసిస్ తర్వాత అణుభారం కొలవకుండా మొదలుపెట్టకండి.

అడిగినవారు
చౌ తీసేశాను. మనుషుల్లోనూ ఇదే ఫలితం వస్తుందని ప్రతిపాదనలో రాయొచ్చా?

జవాబు 3
రాయొద్దు. టైప్ 2 మధుమేహం ఉన్నవారిలో రీషిపై 2015 కోక్రేన్ (వైద్య పరీక్షలన్నిటినీ కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్షకు దాన్ని వాడమనేంత ఆధారం దొరకలేదు. "చుంచెలుకల్లో యంత్రాంగం తేల్చడానికి" అని రాసి ఆపండి.