తోటలో సోలార్ బ్యాటరీలు రెండేళ్ళకే పోతున్నాయి, ఏం చెయ్యాలి?

బత్తాయి తోట, గిద్దలూరు:
అందరికీ నమస్కారం. మా తోట దాకా కరెంటు లైను లేదు. స్తంభాలు వేయించే ఖర్చు భరించలేక సోలార్ పెట్టించాను. 335 వాట్ల ప్యానెళ్ళు రెండు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపి 24 వోల్టులు, బ్యాటరీల ఛార్జింగ్‌ను అదుపు చేసే పీడబ్ల్యూఎం కంట్రోలర్, చిన్న ఇన్వర్టర్. రాత్రి కాపలా ఉండేవాళ్ళకు రెండు సీలింగ్ ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు. అడవి పందుల బెడద ఉందని సిమ్ కెమెరా ఒకటి పెట్టాం.

మొదటి జత రెండేళ్ళు తిరక్కుండానే పోయింది. రెండో జత కూడా అదే దారి పట్టింది. తెల్లవారుజామున మూడింటికల్లా ఇన్వర్టర్ కూత పెడుతోంది. ఒక బ్యాటరీ నీళ్ళు విపరీతంగా తాగుతోంది, రెండోది అసలు తాగదు. తాగేది పాడైంది, అదొక్కటి మార్చేస్తే సరిపోతుందని అమ్మినాయన అంటున్నాడు. కొనమంటారా?

కర్నూలు వాసి:
ఏ నీళ్ళు పోస్తున్నారండీ? బోరు నీళ్ళయితే వాటిలో ఉప్పులకే బ్యాటరీ పోతుంది. తాగే ఫిల్టర్ నీళ్ళు కూడా పనికిరావు. డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి.

బత్తాయి తోట, గిద్దలూరు:
డిస్టిల్డ్ వాటరే అన్నా, బ్యాటరీ షాపులో క్యాన్లు తెస్తాను.

పాత ఎలక్ట్రీషియన్:
దయచేసి ఇప్పుడే కొత్తది కొనకండి. రెండు విషయాలు చెప్పండి. ఒకటి, ఆ కెమెరా 12 వోల్టులదేనా? దాని వైర్లు ఎక్కడ తగిలించారు? రెండోది, పొద్దున్నే ఎండ పడకముందు ప్యానెల్ స్విచ్, లోడు అన్నీ ఆపేసి, గంట ఆగి ఒక్కో బ్యాటరీ వోల్టేజి విడివిడిగా చూడండి. మొత్తం 24 చూస్తే ఏమీ తెలియదు. హైడ్రోమీటర్ దొరికితే ఒక్కో మూత తీసి ఆరు గదుల గ్రావిటీ, అంటే యాసిడ్ సాంద్రత, కూడా రాయండి.

బత్తాయి తోట, గిద్దలూరు:
కెమెరా 12 వోల్టులదే. బిగించినాయన కింది బ్యాటరీ ప్లస్ మైనస్‌లకే కలిపాడు. నీళ్ళు తాగే బ్యాటరీ 12.2 ఉంది, గ్రావిటీ అన్ని గదుల్లో 1190కి అటూఇటూ. కెమెరా ఉన్నది 11.7, అన్ని గదుల్లో 1120 దగ్గరే ఉంది.

పాత ఎలక్ట్రీషియన్:
దొంగ దొరికాడు. మీరు మార్చాలనుకున్న బ్యాటరీ బాగానే ఉంది, ఆకలితో చస్తున్నది రెండోది.

రెండూ సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి ఛార్జింగ్ కరెంటు రెండింటికీ ఒకటే. కెమెరా మాత్రం రాత్రింబగళ్ళు కింది దాన్ని ఒక్కదాన్నే పీలుస్తోంది. రోజూ చిన్న తేడాయే, కానీ అది కూడుతూ పోతుంది. కంట్రోలర్‌కి కనిపించేది మొత్తం వోల్టేజి. అది 28.8 కాగానే నిండిందనుకుని కరెంటు తగ్గిస్తుంది. ఆ సమయంలో పై బ్యాటరీ, అంటే నీళ్ళు తాగేది, 15 దాటి మరుగుతుంటుంది, కిందిది 13.6 దగ్గరే ఉంటుంది. మరిగినదానికి నీళ్ళు తగ్గుతాయి. రెండోదానికి ఏనాడూ కడుపు నిండదు.

నిండకపోతే ఏమవుతుందంటే, బ్యాటరీ వాడినప్పుడల్లా సీసం పలకల మీద సల్ఫేటు ఏర్పడుతుంది. మళ్ళీ పూర్తిగా ఛార్జ్ అయితే అది కరిగి యాసిడ్‌లో కలిసిపోతుంది. వారాల తరబడి సగంలో ఉంచితే గట్టిపడి ఇక కరగదు, ఆ మేరకు పలక పని చెయ్యదు. ఈ రకం బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే సాయంత్రానికల్లా నిండాలి. రోజూ కుదరకపోయినా వారంలో ఒకటి రెండుసార్లయినా నిండి తీరాలి.

మీ అదృష్టం, ఆరు గదుల్లోనూ గ్రావిటీ ఒకేలా ఉంది. ఛార్జ్ చేశాక కూడా ఒక్క గది మిగతావాటికంటే 50 పాయింట్లు కింద ఉంటే ఆ గది పోయినట్టు. మీది అలా లేదు.

ఇక చెయ్యాల్సింది: కెమెరా వైర్లు ఇవాళే తీసెయ్యండి. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ చిన్నది తెచ్చి, రెండు బ్యాటరీల చివరల నుంచి దానికిచ్చి, దాంట్లోంచి కెమెరాకివ్వండి. మధ్యలో ఫ్యూజు మరవొద్దు. తర్వాత కింది బ్యాటరీని విప్పి గిద్దలూరు తీసుకెళ్ళి విడిగా ఛార్జింగ్ పెట్టించండి. 15 ఆంపియర్లకు మించి వద్దని చెప్పండి. గంటగంటకూ గ్రావిటీ చూడాలి, వరసగా మూడు గంటలు పెరగకపోతే నిండినట్టు. 1240 దాకా వస్తే బ్యాటరీ దక్కింది. డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపి చల్లారనివ్వాలి. గ్రావిటీ తక్కువుందని ఎవరైనా యాసిడ్ పోస్తామంటే అస్సలు ఒప్పుకోకండి. యాసిడ్ ఎక్కడికీ పోలేదు, పలకల మీదే సల్ఫేటుగా ఉంది. ఛార్జ్ అయితే అదే తిరిగొస్తుంది.

సోలార్ పంపుల ఆపరేటర్:
అన్న చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు మీ లెక్క కూడా సరిపోవట్లేదు. మామూలు ఫ్యాన్ 75 వాట్లు. రెండు ఫ్యాన్లు పది గంటలు తిరిగితే యూనిటున్నర. ఇన్వర్టర్ ఏ పనీ లేకపోయినా 25 వాట్ల దాకా తింటుంది. బల్బులు, ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలిపితే రాత్రికి రెండు యూనిట్లు దాటుతోంది. మీ బ్యాటరీలు రెండూ కలిపి 3.6 యూనిట్లు. సగం, అంటే 1.8 వాడి ఆపితే వాటికి మంచిది. మీ ప్యానెళ్ళు పీడబ్ల్యూఎం మీద మంచి ఎండలో కూడా రెండు యూనిట్లకు అటూఇటూగానే ఇస్తాయి. మబ్బు పట్టిన రోజు అప్పే.

బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్లకే తిరుగుతాయి. రెండూ మారిస్తే రాత్రికి 0.9 యూనిటు మిగులుతుంది. బ్యాటరీ డబ్బులు ముందు ఫ్యాన్లకు పెట్టండి. పగలు షెడ్డులో ఎవరూ లేకపోతే ఇన్వర్టర్ ఆపేసి పోండి. కట్ ఆఫ్, అంటే ఇన్వర్టర్ ఆగిపోయే వోల్టేజి, మార్చే వీలుంటే 21లో ఉన్నదాన్ని 23కి పెంచండి. 21 దాకా లాగితే బ్యాటరీలో ఏమీ మిగలదు.

కర్నూలు వాసి:
బ్యాటరీలు ఎక్కడ పెట్టారు? ఇంకో సంగతి, నీళ్ళు ఛార్జ్ అయ్యాకే పొయ్యాలి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. పలకలు తేలి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత ముందే పొయ్యండి.

బత్తాయి తోట, గిద్దలూరు:
చాలా థాంక్స్ అందరికీ. రేకుల షెడ్డులో, పడమటి గోడకు ఆనించి ఉన్నాయి. ఇంకొక్క మాట, వీటి బదులు లిథియం వేస్తే ఈ బాధలన్నీ తప్పుతాయా?

పాత ఎలక్ట్రీషియన్:
పడమటి గోడ వద్దు. మన ప్రాంతంలో మధ్యాహ్నం నుంచి ఆ గోడ పొయ్యిలా కాలుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. నీడవైపుకు జరిపి, చెక్క మీద పెట్టి, పైన తాటాకో థర్మాకోల్ షీటో అడ్డం కట్టండి. గాలి ఆడాలి, పెట్టెలో బిగించకండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, దగ్గర బీడీ కూడా ముట్టించనివ్వొద్దు.

లిథియం మంచిదే. 25.6 వోల్టుల 100 ఏహెచ్ ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌లో 80 శాతం వాడినా రెండు యూనిట్లొస్తాయి. నీళ్ళ గొడవ లేదు, సగం ఛార్జ్‌లో ఉన్నా పాడవదు. కానీ మీ కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ ఉండాలి, వేడికి దాన్నీ కాపాడుకోవాలి. ఫ్యాన్లు మార్చకుండా వేస్తే అదీ రోజూ అడుగంటుతుంది. ఈ జత కోలుకుంటే దీన్ని పూర్తిగా వాడుకోండి. అది అరిగిపోయినప్పుడు లిథియం తీసుకుందురుగాని. ముందు ఆ బ్యాటరీని గిద్దలూరు పంపించి, ఛార్జ్ అయ్యాక ఆరు గదుల గ్రావిటీ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.