యంత్రాల రొదకు క్యాసెట్ గరగర అవసరమా, కంప్యూటర్ శుభ్రత చాలదా?

ప్రశ్న: రేకులషెడ్డు

అందరికీ నమస్కారం. బాలానగర్‌లో తెలిసినవారి ప్రెస్సుల షెడ్డులో, వారి అనుమతితో, పవర్ ప్రెస్సులు, గ్రైండర్లు, కంప్రెసర్ చేసే చప్పుళ్లను చిన్న డిజిటల్ రికార్డర్‌తో పట్టుకుని, వాటిని ల్యాప్‌టాప్‌లో పేర్చి ఒక ఇండస్ట్రియల్ నాయిస్ (యంత్రాల రొదలాంటి చప్పుళ్లనే సంగీతంగా మలిచే ధోరణి) రచన తయారుచేస్తున్నాను. సాంకేతికంగా వంక పెట్టడానికి ఏమీ లేదు. ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది, వెనక హిస్ (సన్నని బుస) లేదు, ఎక్కడా లెవల్ దాటలేదు. అయినా విన్నవారు ఇది ఫ్యాక్టరీ గురించి తీసిన డాక్యుమెంటరీలో వెనక వినిపించే చప్పుడులా ఉందంటున్నారు.

బ్రిటన్‌కు చెందిన థ్రాబింగ్ గ్రిజిల్ వంటి తొలితరం ఇండస్ట్రియల్ బృందాల రికార్డుల్లో ఏ శబ్దం ఎక్కడినుంచి వస్తున్నదో కూడా తెలియదు, కానీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ గుణం టేపులోనే ఉన్నదా? ఉంటే పాత క్యాసెట్ ఫోర్‌ట్రాక్ (నాలుగు ధ్వనులను విడివిడిగా పట్టే రికార్డర్) ఒకటి వెతికి కొనాలా, లేక టేపును అనుకరించే ప్లగిన్ (అదనపు సాఫ్ట్‌వేర్) సరిపోతుందా? ఇదంతా పాత వస్తువుల మీద మోజేనని ఎవరైనా అన్నా నొచ్చుకోను, కారణం మాత్రం వివరంగా చెప్పండి.

జవాబు: ఫెర్రిక్‌టేపు

మోజు కొంత ఉన్న మాట నిజమే, కానీ అంతా మోజు కాదు. క్యాసెట్ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, పైగా అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో మాత్రమే కదులుతుంది. అంత ఇరుకైన, నెమ్మదైన టేపు మీదికి లెవల్ పెంచి పంపితే ముందుగా దెబ్బతినేవి హెచ్చు పౌనఃపున్యాలు. మీ ప్రెస్సు దెబ్బనే తీసుకోండి. డిజిటల్ రికార్డింగులో ఇనుము ఇనుమును తాకిన మొదటి క్షణపు పదునైన అంచు, ఆ తరవాత మెల్లగా సన్నగిల్లే మోత వేరువేరుగా ఉంటాయి. అదే దెబ్బను మీటరు ఎర్రగీత దాటేలా క్యాసెట్ మీదికి ఎక్కిస్తే ఆ అంచు అణిగిపోతుంది, మోత పైకి లేస్తుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీలో హిస్సూ షెడ్డు ప్రతిధ్వనీ కలిసిపోయి నిండుతాయి. యంత్రం దగ్గర ఉందో దూరంగా ఉందో వినేవారికి అంతుపట్టదు. మీరు గగుర్పాటు అంటున్నది చాలావరకు ఇదేనని నా అభిప్రాయం.

థ్రాబింగ్ గ్రిజిల్ 1977లో తెచ్చిన ‘ది సెకండ్ యాన్యువల్ రిపోర్ట్’ మొదట 785 ప్రతులు మాత్రమే వెలువడింది, అందులో చాలా భాగం మామూలు క్యాసెట్ రికార్డర్ మీద పట్టినదే. వారు వాడిన గ్రిజిలైజర్ అనే ఎఫెక్ట్ పెట్టె కూడా దుకాణంలో కొన్నది కాదు. 1975లో ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్ పత్రికలో అచ్చయిన సర్క్యూట్ ఆధారంగా బృంద సభ్యుడు క్రిస్ కార్టర్ స్వయంగా తయారుచేసినది. గిటారైనా, గొంతైనా దానిలోంచి పోనిస్తే అదే వణుకు, అదే తునకలతో బయటికి వచ్చేది కాబట్టి ఏది ఏదో గుర్తుపట్టలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఫోర్‌ట్రాక్ మాత్రం తొందరపడి కొనకండి. ఆ యంత్రాల్లో చాలావాటికి బెల్టులు సాగిపోయి, పించ్ రోలర్లు గట్టిపడి ఉంటాయి, విడిభాగాలు దొరకవు. ఇంట్లో మూలపడ్డ మామూలు క్యాసెట్ డెక్ ఒకటి ఈ పనికి చాలు. ప్లగిన్లు నాకు నచ్చవు, అది నా చాదస్తం అనుకోండి.

జవాబు: ఫోల్డ్‌ఓవర్

పై వివరాలతో నాకు పేచీ లేదు, కానీ వాటిని పట్టుకుని అనలాగ్ అంటే కరుకు, డిజిటల్ అంటే నునుపు అని తేల్చేయడం సరికాదు. ఆ బృందం క్యాసెట్‌ను వాడింది అది మొరటుగా ఉంటుందని కాదు, చేతికి అందుబాటులో ఉన్నది కనుక. బృందంలోని మరో సభ్యుడు పీటర్ క్రిస్టోఫర్సన్ కోసం కార్టర్ ఒక చిన్న కీబోర్డుకు అనేక క్యాసెట్ ప్లేయర్లను కలిపి, మీట నొక్కితే ఆ టేపు వినిపించే ఏర్పాటు చేశారు. శాంప్లర్ (ముందే పట్టిన శబ్దాన్ని మీట నొక్కి వాయించే పరికరం) అనేది సామాన్యుడికి అందని రోజుల్లో శాంప్లర్ పనే వారికి కావలసి వచ్చింది. వారు కొత్త పరికరాల కోసం ఎదురుచూసిన మనుషులే తప్ప పాతవాటిని పూజించినవారు కారు.

ఇక డిజిటల్‌లో మొరటుతనం ఉండదనే వాదన సంగతి. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో, అంటే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచినప్పుడు, అందులో సగమైన 22.05 కిలోహెర్ట్జ్ దాటిన ఏ ధ్వనికీ చోటు లేదు. మీ గ్రైండర్ శబ్దంలోని 15 కిలోహెర్ట్జ్ భాగాన్ని కంప్యూటర్‌లో నిర్దాక్షిణ్యంగా క్లిప్ చేస్తే (పరిమితి దాటిన అలల కొనలను నరికేస్తే) దాని మూడో హార్మోనిక్, అంటే మూడు రెట్ల పౌనఃపున్యపు ధ్వని, 45 కిలోహెర్ట్జ్ దగ్గర పుట్టాలి. అక్కడ చోటు లేదు కాబట్టి అది వెనక్కి మడతపడి 900 హెర్ట్జ్ దగ్గర, అంటే మనిషి చెవి బాగా పట్టుకునే చోట, మూలధ్వనితో ఏ శ్రుతి సంబంధమూ లేని లోహపు కీచుగా వినిపిస్తుంది. ఏ టేపూ ఈ పని చేయలేదు. మంచి ప్లగిన్లన్నీ ఓవర్‌శాంప్లింగ్ (ఇంకా హెచ్చు శాంపిల్ రేటులో లెక్కించడం) పేరుతో దీన్ని దాచిపెడతాయి, ఆ మీటను ఆపివేసి వినండి.

జపాన్‌లో మెర్జ్‌బౌ పేరుతో చెత్త లోహాలు, చేతితో చేసిన వాయిద్యాలు, ఎఫెక్ట్ పెడళ్లతో ఏళ్ల తరబడి రొద సృష్టించిన మసామి అకిటా 1990ల చివర ల్యాప్‌టాప్‌కు మారారు. అప్పుడూ ఆ రొద మెత్తబడలేదు. తరవాత ఆయన చేతి వాయిద్యాలను కంప్యూటర్ పక్కనే పెట్టుకున్నారు. మరో జపాన్ కళాకారుడు యసునావో తోనె అయితే సీడీల మీద సూదిపోట్లు పొడిచిన అంటుటేపు అతికించి, ప్లేయర్‌లోని తప్పులు దిద్దే వ్యవస్థ చేతులెత్తేసేలా చేసి, ఆ గందరగోళాన్నే 1997లో ఆల్బంగా వెలువరించారు. మీ ల్యాప్‌టాప్‌లో లోపం లేదు, మీరు దానితో మరీ మర్యాదగా ప్రవర్తిస్తున్నారు.

జవాబు: ప్యాచ్‌తీగ

మీరిద్దరూ శబ్దపు రంగు గురించే మాట్లాడుతున్నారు. నాకు తోచినంతవరకు ఈ రచనకు అడ్డుపడుతున్నది మౌస్‌తో పేర్చడం. ఏ దెబ్బ ఎప్పుడు పడాలో ముందే నిర్ణయమైపోతే ఎంత డిస్టార్షన్ పూసినా ప్రమాదం వినిపించదు. ఐన్‌స్టుర్జెండె నొయ్‌బౌటెన్ బృందం 1980ల మొదట్లో పశ్చిమ బెర్లిన్‌లో రేకులనూ స్ప్రింగులనూ బాదినప్పుడు, బాదేవాడి చేతికి అలుపు రావడం కూడా ఆ సంగీతంలో వినిపించింది.

ఫీడ్‌బ్యాక్ దగ్గర ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మామూలు అనలాగ్ మిక్సర్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపితే, జపాన్ సంగీతకారుడు తొషిమారు నకమురా బయటి శబ్దమేదీ లేకుండా వాయించేది ఇలాగే, సిగ్నల్ తిరిగి రావడానికి ఆలస్యం దాదాపు ఉండదు. ఈక్వలైజర్ నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పితే గురక నుంచి ఈల దాకా ధ్వని వేలిని అంటుకుని జారుతుంది. అదే వలయాన్ని కంప్యూటర్ గుండా తిప్పితే 256 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ధ్వనిని కాసేపు పోగుచేసుకునే చోటు) వల్ల ఒక దిక్కుకు 5.8, రానుపోను కనీసం 11.6 మిల్లీసెకన్ల ఆలస్యం కలుగుతుంది. అప్పుడు వలయం సుమారు 86 హెర్ట్జ్ ఎడంతో ఉన్న మెట్ల మీదే నిలబడుతుంది, నాబ్ తిప్పితే జారదు, ఆలోచించి గెంతుతుంది. ఆ గెంతు కూడా వినదగినదే, కానీ వాయించేవారి చేతికి లొంగదు.

కాబట్టి మీ దగ్గరున్న రికార్డింగులనే ఒక చవక మిక్సర్‌లోకి పంపి, అదనంగా ఒక ఫీడ్‌బ్యాక్ వలయం కట్టి, నాబులు తిప్పుతూ మొత్తాన్ని మళ్లీ అదే డిజిటల్ రికార్డర్‌లోకి ఒక్క బిగిన పట్టండి, తరవాత కత్తిరించకండి. ఒక రేకుకు పీజో బిళ్ల (కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చేది) అంటించి దాన్నీ కలపవచ్చు. కానీ పీజోను నేరుగా లైన్ ఇన్‌పుట్‌కు ఇస్తే బేసు పోతుంది, మధ్యలో గిటారు పెడల్ ఒకటి ఉంచండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాత్రం ఈ ప్రయోగం చేయకండి, ఫీడ్‌బ్యాక్ చెప్పి రాదు.

రేకులషెడ్డు

అందరికీ కృతజ్ఞతలు. పాత మిక్సర్ ఒకటి దొరికింది కానీ ల్యాప్‌టాప్‌కు కలపగానే కరెంటు హమ్ మొదలవుతున్నది. తీసేయాలా, ఉంచాలా? పూర్తయ్యాక ఏ ఫార్మాట్‌లో పెట్టాలో కూడా చెప్పగలరు.

జవాబు: ఫోల్డ్‌ఓవర్

ముందు రెండు పరికరాలనూ ఒకే ప్లగ్గు బోర్డు మీద పెట్టి చూడండి, చాలాసార్లు అంతటితో తగ్గుతుంది. ఎవరు చెప్పినా ఎర్త్ పిన్ను మాత్రం తీసేయకండి. అప్పటికీ మిగిలిన హమ్‌ను ఉంచుకోవచ్చు. మన కరెంటూ బ్రిటన్ కరెంటూ 50 హెర్ట్జే కనుక, ఆ పాత రికార్డుల అడుగున వినిపించే శ్రుతే మీకూ ఉచితంగా దొరికినట్టు.

ఫార్మాట్ విషయంలో క్యాసెట్ అభిమానులు కూడా జాగ్రత్తపడాలి. ఎంపీత్రీ తక్కువ బిట్‌రేటులో దట్టమైన రొదను భరించలేదు, 128 కిలోబిట్ల దగ్గర మీ గ్రైండర్ నీళ్లలో తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్) పెట్టండి, అది కుదరకపోతే 320 కిలోబిట్ల ఎంపీత్రీ. ఎగుమతి చేసేముందు అత్యధిక లెవల్‌ను సున్నాకు ఒక డెసిబెల్ కిందే ఆపండి, ఎందుకంటే క్లిప్పింగ్ ఎక్కడ జరగాలో మీరు నిర్ణయించాలి గానీ వినేవారి ఫోన్ కాదు.