అప్‌డేట్: 'మార్కెట్స్' బ్యాండ్ రికార్డుల్లో వాయించింది ఎవరు?

మొన్న అడిగాను కదా, 1960ల సర్ఫ్ బ్యాండ్ (సముద్రపు అలల మీద పలకతో జారే ఆట చుట్టూ పుట్టిన గిటార్ సంగీతం వాయించేది) 'మార్కెట్స్' పేరుతో ఊళ్ళు తిరిగి వాయించిన కుర్రాళ్ళే రికార్డుల్లోనూ ఉన్నారా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. విషయం తేలిపోయింది: వాళ్ళు కాదు. నిర్మాత జో సారసీనో లాస్ ఏంజెలెస్ స్టూడియో వాద్యగాళ్ళతో పని కానిచ్చాడు. 1964 మొదట్లో అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో 3వ స్థానం దాకా వెళ్ళిన 'అవుటాఫ్ లిమిట్స్' కూడా అలా పుట్టిందే.

హాట్ రాడ్ (ఇంజన్ మార్చి వేగం పెంచిన కార్ల) పాటల వైపు వెళ్తే ఇంకా తమాషా. స్టూడియో డ్రమ్మర్ హాల్ బ్లెయిన్ 1963లో 'యంగ్ కూగర్స్' అని పేరు పెట్టుకుని కార్ల మీద ఏకంగా ఒక ఆల్బమే చేశాడు. అప్పటికి ఆయనకు ముప్పై దాటాయి, యంగ్ ఏమిటో మరి!

ఎవరో చెప్పినట్టు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ రికార్డుల్లో గిటార్ మీదే చెవి పెట్టి విన్నాను. అరచేతి అంచుతో తీగల్ని అదిమి మీటినప్పుడు 'టిక్ టిక్' వెనకాలే నీళ్ళు చిందినట్టు ఒక మోత వస్తుంది. అది స్ప్రింగ్ రివర్బ్ (శబ్దాన్ని స్ప్రింగుల గుండా పంపి ప్రతిధ్వని తెప్పించే పరికరం) మహిమ. గిటార్ల కంపెనీ ఫెండర్ దాన్ని విడి పెట్టెగా 1961లో తెచ్చింది. సర్ఫ్‌బోర్డు ఎక్కని జాజ్ స్టూడియో వాద్యగాళ్ళు వాయించారని నాకైతే చిన్నచూపేమీ కలగలేదు. ఇప్పుడు గిటారిస్టు జెర్రీ కోల్ బ్యాండ్ 'స్పేస్‌మెన్' వింటున్నాను.