దుబాయ్ నుంచి ఇంటికి డిజిటల్ రూపాయిలో డబ్బు పంపే రోజు వస్తుందా?

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల దగ్గర పల్లె, పని దుబాయ్‌లో. నెలనెలా ఎక్స్ఛేంజ్ కౌంటర్ దగ్గర నిలబడి అమ్మకు డబ్బు పంపుతాను. రసీదులో ఫీజు ఒక్క వరుసే కనిపిస్తుంది, అసలు కోత రేటులో ఉంటుంది. పోయిన నెల డబ్బు నాలుగు రోజులు మధ్యలో ఆగిపోయింది. అమ్మ మందుల షాపు ముందు నుంచి ఫోన్ చేసి "ఇంకా పడలేదు బిడ్డా" అంటే ఎంత టెన్షన్ పడ్డానో!

2023 మార్చిలో ఆర్‌బీఐ, యూఏఈ సెంట్రల్ బ్యాంకు ఒప్పందం చేసుకున్నాయి. రెండు దేశాల సెంట్రల్ బ్యాంకులే జారీ చేసే డిజిటల్ కరెన్సీలను కలిపే వంతెనను, ఇంటికి పంపే డబ్బుకు కూడా పనికొచ్చేలా పరీక్షించాలన్నది అందులో ఉంది. చైనా, హాంకాంగ్, థాయిలాండ్, సౌదీలతో కలిసి యూఏఈ ఎంబ్రిడ్జ్ అనే దేశాల మధ్య డిజిటల్ చెల్లింపుల ప్రాజెక్టులోనూ ఉంది. కానీ అది బ్యాంకుల మధ్య లెక్కలు తేల్చుకునే ఏర్పాటు, మనలాంటివాళ్ల చేతికి వచ్చేది కాదు. మనకు కావాల్సింది ఫోన్ నుంచి ఫోన్‌కు వెళ్లే దారి.

బ్యాంకింగ్ తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. నా దిర్హమ్ నేరుగా అమ్మ ఈ-రుపీ (ఆర్‌బీఐ డిజిటల్ రూపాయి) వాలెట్‌లో రూపాయిగా పడాలంటే మారకం రేటు ఎవరు నిర్ణయిస్తారు? మధ్యలో ఆగితే ఏ దేశంలో ఫిర్యాదు చేయాలి? అమ్మకు స్మార్ట్‌ఫోన్ లేదు, మామూలు బటన్ ఫోనే. ఆమెలాంటివాళ్లకు ఇందులో చోటుందా?