జంధ్యాల అంటే కామెడీ, బాపు అంటే బొమ్మ... మరి మిగతా సినిమాలు ఎవరివి?

రెండో ఆట (అమలాపురం):
మొన్న పెళ్లి భోజనాల దగ్గర సినిమాల మాటొచ్చింది. మన గోదావరి జిల్లాల దర్శకుల సినిమాల్లో ఏది ఇష్టం అంటే బంతిలో కూర్చున్న అందరూ అవే చెప్పారు. బాపు గారంటే ముత్యాల ముగ్గు, జంధ్యాల గారంటే అహ నా పెళ్ళంట, వంశీ గారంటే లేడీస్ టైలర్. నేను 'సాక్షి' అన్నాను. పక్కన కూర్చున్న కుర్రాడు "అది పేపరు కదండీ" అన్నాడు. నాకు నిజంగా బాధేసింది.

1967లో బాపు గారి మొదటి సినిమా అది, కథ ముళ్లపూడి వారిది, తీసింది ఎక్కడో కాదు, ఆత్రేయపురం పక్కన మన పులిదిండిలో, అదీ మూడు వారాల్లోపే. బల్లకట్టు నడుపుకునే ఓ అమాయకుడు (కృష్ణ) హత్య చూశాడు, కోర్టులో సాక్ష్యం చెప్పాడు, ఆ హంతకుడు చంపడానికి తిరిగొస్తున్నాడు. సాక్ష్యం చెప్పినప్పుడు శభాష్ అన్న ఊరే, ఇప్పుడు సాయం చెయ్యండి బాబూ అని గుమ్మం గుమ్మం తిరుగుతుంటే మొహం చాటేస్తుంది. ఆ ఇళ్లు మన ఇళ్లే. అవే అరుగులు, అవే పెంకుటిళ్లు. మన ఊళ్లో పిరికితనం ఎలా ఉంటుందో ఇంత దగ్గరగా చూపించిన సినిమా నేను ఇంకోటి చూడలేదు. కానీ మనకి గోదావరి అంటే లాంచీ, కొబ్బరిచెట్టు, పూతరేకులు ఉండాలి. ఒక్కో దర్శకుడికి ఒక్కో ముద్ర వేసేసి ఆ ముద్రకి అందనివన్నీ అటకెక్కించేశాం అని నా అభిప్రాయం. కాదంటే చెప్పండి.

నేల టికెట్ (భీమవరం):
కాదంటాను అన్నా. ముద్ర మనం వేసింది కాదు, వాళ్లు ఇష్టపడి వేసుకున్నదే. నరసాపురంలో పుట్టిన జంధ్యాల గారు శంకరాభరణానికి మాటలు రాసిన మనిషి, ఆయన కావాలనుకుంటే జీవితమంతా సీరియస్ సినిమాలే తీసేవారు. కానీ నవ్వించడమే ఎంచుకున్నారు. అందులో ఆయన్ని మించినవాడు లేడు. జనం దాన్ని గుర్తుపెట్టుకుంటే తప్పేంటి?

ఇంకో మాట. ఆడని ప్రతి సినిమా గొప్పది కాదు. మన రాజమండ్రి ఆదుర్తి సుబ్బారావు గారు 1964లో మూగమనసులు తీస్తే గోదావరి పొడుగునా జనం ఏడ్చారు. తర్వాత నాగేశ్వరరావు గారితో కలిసి సొంతంగా సుడిగుండాలు తీశారు. జాతీయ అవార్డు వచ్చింది, డబ్బులు రాలేదు. నేను ఓపిగ్గా రెండుసార్లు చూశాను. కొడుకుని పోగొట్టుకున్న జడ్జి, చంపిన కుర్రాళ్ల తరఫునే వాదించడం అనే ఆలోచన ఒళ్లు జలదరించేలా ఉంటుంది, అది ఒప్పుకుంటాను. కానీ పాత్రలు మాట్లాడుతుంటే సభలో ఉపన్యాసం విన్నట్టుంటుంది. మూగమనసుల్లో పడవవాడు చూసే ఒక్క చూపుకి ఇది సరిపోదు.

లంక గాలి (ముమ్మిడివరం):
ఇద్దరికీ నమస్కారం. నేల టికెట్ గారూ, జంధ్యాల గారు నవ్వించడమే ఎంచుకున్నారు అంటున్నారు, మరి ఆనంద భైరవి ఎవరు తీశారండీ? మగవాళ్లే వేషం కట్టే కూచిపూడిని ఆడపిల్లకి నేర్పినందుకు ఊరంతటినీ ఎదుర్కొన్న గురువు కథ అది. గిరీష్ కర్నాడ్ ఆ గురువుగా ఉంటే కళ్లు తిప్పుకోలేం. రమేష్ నాయుడు గారి పాటలు సరేసరి. మా అమ్మ చిన్నప్పుడు డాన్స్ నేర్చుకుంటానంటే తాతయ్య ఒప్పుకోలేదట. ఆ సినిమా టీవీలో వచ్చిన మధ్యాహ్నం అమ్మ చేతిలో చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి, సినిమా అయ్యేదాకా ఒక్కటీ ఒలవలేదు. పొయ్యి మీద అన్నం మాడితే నేనే దించాను. ఇలాంటి సినిమా తీసిన మనిషిని కామెడీ దర్శకుడు అని సరిపెడితే నాకు కోపం వస్తుంది.

అయితే రెండో ఆట గారితో కూడా నాకో తగాదా ఉంది. మర్చిపోయిన సినిమాలు అనగానే మగవాళ్లందరూ వంశీ గారి మహర్షి (1987) పేరెత్తుతారు, మీరూ రేపో మాపో ఎత్తుతారు. ఇళయరాజా పాటలు నాకూ ప్రాణమే. కానీ వద్దన్న అమ్మాయి వెంట పడీ పడీ పిచ్చివాడైపోయిన వాడి మీద జాలి పడమంటే ఎలా? కాలేజీకి బస్సులో వెళ్లిన ఏ ఆడపిల్లనైనా అడగండి, ఆ భయం ఎలాంటిదో చెబుతుంది. కొన్ని సినిమాలు పాటలుగానే మిగలడం న్యాయం.

రెండో ఆట (అమలాపురం):
లంక గాలి గారూ, మహర్షి పేరు ఎత్తబోయిన మాట నిజమే. మీరు చెప్పాక రాత్రి మళ్లీ చూశాను. తీసిన తీరు ఇప్పటికీ నచ్చింది కానీ ఈసారి ఆ అమ్మాయి మొహమే చూస్తూ కూర్చున్నాను, మీరన్న భయం కనిపించింది. ఇంతకు ముందు ఎందుకు కనిపించలేదో నాకే తెలియడం లేదు. ఆ సినిమా నా లిస్టులోంచి తీసేశాను.

తమ్ముడూ నేల టికెట్, సుడిగుండాలు సంగతి సగం ఒప్పుకుంటాను. మాటలు బరువే. కానీ హిట్టు మీద హిట్టు కొట్టిన దర్శకుడూ, హీరోగా మంచి ఊపులో ఉన్న నాగేశ్వరరావు గారూ సొంత డబ్బు పెట్టి అలాంటి కథ తీశారు, అది దెబ్బతిన్నాక కూడా ఆగకుండా 1970లో మరో ప్రపంచం తీశారు. ఇప్పుడు ఆ ధైర్యం ఎవరికుందో ఒక్క పేరు చెప్పు.

సాక్షి మీద మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. చూసి ఉండరు. ఆ పెళ్లిలో కుర్రాడి నంబరు తీసుకుని సినిమా లింకు పంపాను. బ్లాక్ అండ్ వైటా అని ఒక మెసేజ్ పెట్టాడు, అంతే. ఆదివారం ఫోన్ చేసి అడుగుతాను.