తమ్ముడి రిపోర్టులో ఆక్ట్-4, సాక్స్-2 అని రాశారు; ఇది వంశంలో వచ్చే జబ్బా?

ప్రశ్న (కర్నూలు):
ఇరవై ఏడేళ్ల మా తమ్ముడికి కుడి వృషణంలో గడ్డ ఉందని ఆపరేషన్ చేసి తీసేశారు. పాథాలజీ రిపోర్టులో సెమినోమా (వృషణ క్యాన్సర్‌లో ఒక రకం) అనీ, ఆక్ట్-4, సీడీ-117 పాజిటివ్, సాక్స్-2, సీడీ-30 నెగటివ్ అనీ ఉంది. ఇవి జన్యువులకు సంబంధించిన పేర్లని తెలిసినప్పటి నుంచి మా నాన్న, పెద్దవాడినైన నాకూ వస్తుందేమోనని దిగులు పడుతున్నారు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (అనంతపురం, పాథాలజీ పీజీ విద్యార్థిని):
జన్యువు చెడిపోయిందని ఆ పేర్లకు అర్థం కాదు. ఆ కణాల్లో ఏ జన్యువు పనిచేస్తూ ప్రోటీన్ తయారుచేస్తోందో అవి చెబుతాయి, అంతే. తల్లి కడుపులో ఉన్నప్పుడు బీజకణాలకు (వీర్యకణాలు, అండాలు తయారయ్యే కణాలకు) పూర్వరూపమైన కణాల్లో ఆక్ట్-4, నానోగ్, కిట్ అనే జన్యువులు పనిచేస్తుంటాయి. బీజకణాలు ఎదిగేకొద్దీ ఆక్ట్-4 ఆగిపోవాలి. అలా ఎదగకుండా ఆ తొలి దశలోనే నిలిచిపోయిన కణాల నుంచే, యుక్తవయసు వచ్చాక, ఈ కణితులు పుడతాయి. అయితే ఆక్ట్-4 సెమినోమాలోనూ, ఎంబ్రియోనల్ కార్సినోమా అనే మరో రకం వృషణ క్యాన్సర్‌లోనూ కనబడుతుంది గనుక దానితోనే రకం తేలదు. రెండోదానిలో సాక్స్-2, సీడీ-30 ఉంటాయి. సెమినోమాలో వాటి బదులు సాక్స్-17, కిట్ ఉంటాయి. సీడీ-117 అన్నది కిట్‌కే మరో పేరు (మా రిపోర్టుల్లో ఒకే వస్తువుకు రెండు పేర్లు రాయడం మామూలే). మీ తమ్ముడి రిపోర్టు సెమినోమాకు చక్కగా సరిపోతోంది.

జవాబు (కడప, జెనెటిక్స్ పరిశోధక విద్యార్థి):
నాన్నగారి దిగులుకు పై వివరణలో సమాధానం రాలేదు. ఈ కణితుల్లో చాలావాటిలో 12వ క్రోమోజోము పొట్టి చేయి (క్రోమోజోము రెండు భాగాల్లో చిన్నది) అదనపు ప్రతులుగా చేరుతుంది; నానోగ్, కేరాస్, సైక్లిన్ డి2 జన్యువులు ఆ చేయి మీదే ఉన్నాయి. 2018లో 137 కణితులను పరిశీలించినప్పుడు కిట్, కేరాస్ మార్పులు సెమినోమా భాగం ఉన్నవాటిలోనే కనబడ్డాయి. ఇవన్నీ కణితిలోనే ఏర్పడిన మార్పులు, తండ్రి నుంచి వచ్చినవి కావు. దెబ్బతిన్న కణాలు చనిపోయేలా చేసే పీ-53 జన్యువు సాధారణంగా చెక్కుచెదరకుండా ఉండటం, సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందుకు ఈ కణాలు తేలిగ్గా లొంగడానికి ఒక కారణం. అలాగని వంశానికి పాత్ర లేదనలేం. అన్నదమ్ములకు ప్రమాదం మామూలువారికంటే కొన్ని రెట్లు ఎక్కువే, కాకపోతే ఆ మామూలు ప్రమాదమే చాలా తక్కువ.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. చిన్నప్పుడు నాకు ఒక వృషణం కిందికి దిగలేదని ఆపరేషన్ చేశారు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

జవాబు (అనంతపురం):
ఉంది. దిగని వృషణం కూడా ప్రమాదాన్ని పెంచేదే. ఈ వారంలోనే యూరాలజిస్టును కలిసి, ఆ ఆపరేషన్ సంగతీ, తమ్ముడి సంగతీ రెండూ చెప్పి, స్కానింగ్ అవసరమేమో అడగండి.